తల్లికి చెప్పకూడని చోటు

మా ఆయన మాట తప్పని మనిషి. ఆ ఒక్క మంచి గుణంతోనే ఇరవై ఏళ్ళకు పైగా నా ప్రాణం తోడేశాడు.

అది వాళ్ళమ్మకు ఇచ్చిన మాట. మా మొదటి బిడ్డను ఎక్కడ పూడ్చారో నాకు చెప్పనని. ఆడపిల్ల. ఏడో నెలలో పుట్టింది, పూర్తిగా ఒక రోజు కూడా బతకలేదు. పురిట్లో పోయిన బిడ్డను కాల్చరు, పూడుస్తారు. మగవాళ్ళే తీసుకెళతారు. గుర్తుకు రాయి కూడా పెట్టరు. చోటు తల్లికి చెప్పరు. చెబితే అక్కడికి వెళ్ళి ఏడుస్తుందని, ఆ ఏడుపు తర్వాత పుట్టబోయే బిడ్డకు తగులుతుందని మా అత్తగారి నమ్మకం. నా పుట్టింటి వైపు కూడా ఇంచుమించు ఇదే పద్ధతి, కాబట్టి ఆవిణ్ణి ఒక్కదాన్నే ఆడిపోసుకోవడం న్యాయం కాదు. అయినా చాలా ఏళ్ళు ఆడిపోసుకున్నాను.

మామూలుగా అయితే బిడ్డ ఊరి బయట ఏ వాగు గట్టునో ఉంటుంది. తల్లికి చెప్పకపోయినా ఆ గట్టు ఎక్కడికీ పోదు. ఎప్పుడో బస్సులో పోతున్నప్పుడు ఇటు వైపే అయ్యుంటుందని తల తిప్పి చూసుకోవచ్చు. నా బిడ్డ ఉన్నది లక్షదీవుల్లో, మనుషులు కాపురం ఉండని ఒక ఇసుక దిబ్బ మీద. నేనున్నది వాంకూవర్ పక్కన బర్నబీలో. మధ్యలో ఎన్ని సముద్రాలున్నాయో లెక్కపెట్టడం మానేశాను. ఇసుక ఒక చోట నిలవదన్నది మాత్రం నాకు ఆ దీవిలో ఉన్నప్పుడే తెలుసు. అది కదిలిపోయేలోపు ఒక్కసారి ఆ చోట నిలబడాలని నా కోరిక. అంతకు మించి పెద్ద కోరికలేవీ నాకు లేవు, ఉన్నవన్నీ కెనడా తీర్చింది.

నాది అనంతపురం వైపు. ట్యాంకరు హారన్ వినబడితే బిందెలతో వీధి వీధంతా పరిగెత్తే చోట పెరిగాను. పెళ్ళయ్యేదాకా సముద్రం చూడలేదు. ఆయనది గోదావరి జిల్లా, నీళ్ళంటే లెక్కలేని మనిషి. టెలిఫోన్ శాఖలో ఇంజనీరు. లక్షదీవులకు ఎవరినైనా పంపాలని పైవాళ్ళు అడిగితే అందరూ తలలు వంచుకున్నారట, ఈయన ఒక్కడే చెయ్యెత్తాడు. పెళ్ళయిన ఏడాదికి నన్ను సముద్రం చూపించడానికి తీసుకెళ్ళినవాడు, నాలుగు వైపులా సముద్రం తప్ప మరేదీ కనబడని చోట కాపురం పెట్టించాడు.

కొచ్చిలో ఓడ ఎక్కాం. ఆ ఓడ దీవి దాకా రాదు. పగడాల కట్ట బయటే ఆగుతుంది. ఓడ పక్కనున్న తలుపులోంచి కింద ఊగుతున్న చిన్న పడవలోకి దూకాలి. అల పైకి లేచినప్పుడు దూకమని పడవలో వాళ్ళు సైగ చేస్తారు. నేను కళ్ళు మూసుకుని దూకితే బియ్యం బస్తా అందుకున్నట్టు అందుకుని కూర్చోబెట్టారు. పడవ కట్టలోని సందులోంచి లోపలికి వచ్చేసరికి నీళ్ళ రంగు మారిపోయింది. అప్పటిదాకా సిరా నీలం, అక్కడి నుంచి లేత పచ్చ. అడుగున ఇసుక, దాని మీద పడవ నీడ కూడా కనిపించాయి. భయం పోయింది, ఏమిటో తెలియని సంతోషం వచ్చింది. ఆ సంతోషం మళ్ళీ ఎక్కడా రాలేదు, ఎంతో అందమైన ఊరని అందరూ చెప్పే ఈ వాంకూవర్‌లో కూడా.

దీవంటే నీళ్ళ మధ్య గుండ్రంగా ఉండే నేల అనుకునేదాన్ని. తీరా చూస్తే అక్కడ అసలు వస్తువు నేల కాదు, ఆ పగడాల కట్ట. పెద్ద పళ్ళెం అంచులా సముద్రంలో చుట్టూ తిరిగి ఉంటుంది. లోపల నిలకడగా ఉండే లోతు లేని నీళ్ళు, బయట సముద్రం. అన్నం తినేశాక పళ్ళెం అంచున ఒక పక్క మిగిలిన మెతుకుల్లా మా దీవి. ఆ అంచునే ఇంకో కొసన అంటుకున్న ఒకే ఒక్క మెతుకు, మనుషులుండని ఆ చిన్న దీవి. దాని మీద కొబ్బరి చెట్లు తప్ప ఏమీ లేవు. మా పక్కింటి పెద్దాయన వాళ్ళవి ఆ చెట్లు. కాయలు దింపడానికి పడవలో వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేవాడు.

మా దీవిని అడ్డంగా దాటాలంటే అన్నం వార్చి కిందికి దించేంత సేపు చాలు. ఒక ఒడ్డున బయలుదేరి కబుర్లు చెప్పుకుంటూ నడిస్తే ఇంకో ఒడ్డు వచ్చేసేది. ఎటు వెళ్ళినా కట్ట మీద విరిగే అలల చప్పుడు, దూరంగా ఎవరో రోజంతా బియ్యం చెరుగుతున్నట్టు. కుక్కలు లేవు, పాములు లేవు. కాకిని చూసిన గుర్తు కూడా నాకు లేదు. ఒడ్డున ఇసుక గాలి మారినప్పుడల్లా ఇల్లు మారేది. వానాకాలం ముందు జెట్టీకి ఈ పక్క కూర్చున్న చోటు, వానాకాలం వెళ్ళాక చూస్తే నీళ్ళలో ఉండేది. ఆ పక్క కొత్త ఇసుక లేచేది. అక్కడి వాళ్ళకది వింత కాదు, నాకు మాత్రం ఎవరో నేలను రాత్రికి రాత్రి సర్దినట్టుండేది.

అక్కడ తాగే నీళ్ళ సంగతి చెప్పాలి. రెండు మూరలు తవ్వితే తియ్యటి నీళ్ళు పడతాయి. అవి వాన నీళ్ళు, ఇసుకలో ఇంకి, కింద ఉన్న ఉప్పు నీళ్ళ మీద తేలుతూ ఉంటాయి. మెల్లగా తోడుకుంటే తియ్యగా వస్తాయి. ఆత్రంగా మోటారు పెట్టి లాగితే ఉప్పు పైకొస్తుంది. ఎండాకాలం ఏట్లో చెలమ తీసి, చెంబుతో కదలకుండా నీళ్ళు ముంచుకున్నదాన్ని నేను. ఆ విద్యలో నాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. పక్కింటి పెద్దావిడ నేను బావి దగ్గర వంగిన తీరు చూసి ముచ్చటపడింది. ఆవిడ మలయాళం నాకు సగం అర్థమయ్యేది, నా తెలుగు ఆవిడకు అసలు అర్థమయ్యేది కాదు. అయినా రోజూ ఒక గంట మాట్లాడుకునేవాళ్ళం. కడుపుతో ఉన్నానని నాకంటే ముందు ఆవిడే కనిపెట్టింది.

నెప్పులు వచ్చినప్పుడు నైరుతి వానలు ముమ్మరంగా ఉన్నాయి. ఆ రోజుల్లో ఓడలు దగ్గరికి రావు. కొచ్చి నుంచి హెలికాప్టర్ రావాలి. మబ్బు తీస్తే వస్తామన్నారు. మబ్బు తియ్యలేదు. దీవిలోని డాక్టరమ్మ చేయగలిగిందంతా చేసింది. ఆమె మీద నాకు ఈ రోజుకీ కోపం లేదు, వాన మీద మాత్రం ఉంది. నీళ్ళు లేని ఊళ్ళో పుట్టినదాన్ని, వానను తిట్టుకుంటానని ఎప్పుడూ అనుకోలేదు.

బిడ్డ పోయాక ఎక్కడ పూడ్చాలన్నది పెద్ద సమస్య అయింది. పక్కింటి పెద్దాయన తమ మసీదు పక్కన శ్మశానంలో చోటు అడిగి చూస్తానన్నాడు. ఆయన మాటిస్తే జరిగేది కూడా. మా అత్తగారు ఫోన్లో వద్దంది. పద్ధతి ప్రకారం జరగాలంది. ఆ ఫోను ఉపగ్రహం మీదుగా పోయి రావాలి, ఒక మాట అన్నాక అవతలి మాట వచ్చేలోపు మధ్యలో ఖాళీ ఉండేది. ఆ ఖాళీల్లోనే మా ఆయన ఊకొట్టేవాడు. దీవి మీద మరెక్కడైనా పూడ్చుదామంటే, రెండు మూరలు తవ్వితే చాలు, ఊరంతా తాగే నీళ్ళు. చివరికి పెద్దాయన తన కొబ్బరి దీవి చూపించాడు. అది కట్ట లోపలే ఉంది కాబట్టి ఆ వానలో కూడా పడవ వెళ్ళగలదన్నాడు.

ఇద్దరూ వెళ్ళారు. నేను మంచం మీద ఉన్నాను. పెద్దావిడ నా తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సాయంత్రం ఆయన బయటే స్నానం చేసి, పొడి బట్టలు కట్టుకుని లోపలికి వచ్చాడు. చెవి వెనక కొంచెం ఇసుక మిగిలి ఉంది. నేను దాన్ని తుడవలేదు. ఉందని ఆయనకు చెప్పలేదు. దాన్నే చూస్తూ ఎక్కడ అని అడిగాను.

"అమ్మ మీద ఒట్టేశాను, అడక్కు" అన్నాడు.

రెండేళ్ళ తర్వాత బదిలీ వచ్చింది. పడవలో సామాను సర్దుకుని, కట్టలోని సందు వైపు పోతున్నప్పుడు ఆ చిన్న దీవి ఎడమ చేతి వైపు కనిపించింది. చేత్తో నీళ్ళు తాకి దణ్ణం పెట్టుకున్నాను. ఏ పక్కన ఉందో తెలియదు కాబట్టి దీవి మొత్తానికి పెట్టాను. మా ఆయన అటు చూడకుండా ఓడ వైపే చూశాడు. బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడని ఆ రోజు ఆయన మీద వచ్చిన అసహ్యం ఇప్పుడు తలుచుకుంటే జాలి వేస్తుంది, నా మీద కూడా.

తర్వాత హైదరాబాదు, ప్రభుత్వ ఉద్యోగం వదిలి ప్రైవేటు కంపెనీ, అమెరికాలో కొన్నేళ్ళు, ఆ పైన ఇక్కడ పీఆర్. రెండో అమ్మాయి హైదరాబాదులో పుట్టింది, బంగారంలాంటి పిల్ల. చూశావా, చెప్పకపోవడమే మంచిదయింది అంది మా అత్తగారు, ఉయ్యాల ఊపుతూ. ఆవిడ మాట తప్పని నేనెలా నిరూపించను?

ఆవిడ పోయి కూడా చాలా ఏళ్ళయింది. ఏటా తద్దినం ఇక్కడే పెడతాం. బర్నబీలో కాకులకు కరువు లేదు. పొద్దు వాలే వేళకు ఊళ్ళోని కాకులన్నీ వేలకు వేలు మా అపార్ట్‌మెంట్ మీదుగా తూర్పు వైపు ఎగిరిపోతాయి. బాల్కనీలో పిండం పెట్టి ఆయన చేతులు జోడించేలోపే రెండు వాలతాయి. మా అత్తగారు బతికున్నప్పుడు కూడా భోజనానికి ఆలస్యం సహించేది కాదు. నేను ఆ కాకులను చూస్తూ నిలబడతాను. తినడానికి ఇక్కడ ఇన్ని కాకులున్నాయి, నా బిడ్డకు పెట్టడానికి మాత్రం శాస్త్రంలో పిండం లేదు. పళ్ళు రాని పిల్లకు తద్దినం లేదు, తిథి లేదు. ఏడాదిలో ఏ రోజూ నాకు ఏడవడానికి అనుమతి ఇచ్చిన రోజు కాదు.

ఒక తద్దినం నాడు, భోజనానికి వచ్చినవాళ్ళు వెళ్ళాక, ఆయన్ను అడిగేశాను. ఒట్టు వేయించుకున్న మనిషే లేదు కదా, ఇంకా ఎవరికి భయం అని.

"పోయినవాళ్ళకిచ్చిన మాటని వెనక్కి ఎవరిస్తారు? బతికుంటే బతిమాలి తీసుకునేవాణ్ణి" అన్నాడు.

నేను లేచి ఎంగిలి విస్తళ్ళు ఎత్తాను.

నేనొక ఎలిమెంటరీ స్కూల్లో లంచ్ సూపర్‌వైజర్‌ని. పిల్లలు బయట ఆడుకుంటున్నప్పుడు ఫోనులో మ్యాప్ తెరిచి ఆ దీవి దాకా వేళ్ళతో పెద్దది చేసుకుంటూ వెళ్ళేదాన్ని. చిన్న దీవికి పేరు కూడా వేయరు. తెల్లటి గీత, మధ్యలో కొంచెం పచ్చ. ఆ పచ్చలో ఏ చెట్టు కింద అనుకుంటూ చూసేదాన్ని. వెళదామన్నా సులభం కాదు. అక్కడికి పోవాలంటే మన దేశం వాళ్ళకే పర్మిట్ కావాలి. మేము ఇప్పుడు కెనడా పాస్‌పోర్టు వాళ్ళం, మాకు ఇంకా సవాలక్ష నిబంధనలు. నా బిడ్డ ఉన్న నేలకు నేను విదేశీయురాలినని ఎవరైనా కాగితం మీద రాసిస్తే చింపి పారేస్తాను గానీ, అది నిజమే.

మా అమ్మాయి ఎడ్మంటన్‌లో చదువుతోంది. జాగ్రఫీ. మన వాళ్ళ పిల్లలంతా కంప్యూటర్లు చదువుతుంటే ఇదేమిటని తెలిసినవాళ్ళు అడుగుతారు, కొండలూ నదులూ కూడా ఎవరో ఒకరు చూసుకోవాలి కదా అంటాను. మేము తెలుగులో అడిగితే అది ఇంగ్లీషులో చెబుతుంది, అలా అలవాటైపోయింది. ఈ వేసవిలో ఇంటికొచ్చి వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ప్రాజెక్టు చేసుకుంటోంది. పగడపు దీవి ఏదైనా ఒకటి ఎంచుకుని, పాత ఉపగ్రహ చిత్రాలూ కొత్తవీ పక్కపక్కన పెట్టి ఏం మారిందో రాయాలట. అమ్మానాన్నా కాపురం ఉన్న చోటని ఇది మా దీవినే ఎంచుకుంది. నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

నేను పొయ్యి దగ్గర గుత్తితో పప్పు ఎనుపుతున్నాను. ఆయన బల్ల దగ్గర నారింజ వలుస్తున్నాడు.

"అమ్మా, ద లిటిల్ వన్ ఈజ్ గాన్" అంది.

ఏది అన్నాను. స్క్రీన్ నా వైపు తిప్పింది. పాత చిత్రంలో పళ్ళెం అంచున ఆ మెతుకు ఉంది. కొత్తదాంట్లో లేదు. లేత నీలం తప్ప ఏమీ లేదు. దాని ప్రాజెక్టుకు మంచి ఫలితం దొరికిందని పిల్ల సంబరపడుతోంది. నేను వెనక్కి తిరిగి మళ్ళీ పప్పు ఎనపడం మొదలుపెట్టాను. అది గంజి అయిపోయిందని ఆయన వచ్చి గుత్తి తీసుకునేదాకా నాకు తెలియలేదు. ఆయన చేతికి నారింజ రసం అంటి ఉంది, మొహంలో రక్తం లేదు.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో పేరు. ఈ ఒక్క సంగతి మాత్రం మా అమ్మాయికి ఎన్నడూ చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. ఎలా చెప్పాలని ఆలోచించలేదు, అక్కడ మీ అక్క ఉంది అన్నాను. అది ల్యాప్‌టాప్ మూసేసి నన్ను పట్టుకుంది. తర్వాత మెల్లగా, సరిగ్గా ఎక్కడ అని ఇంగ్లీషులో అడిగింది. నేను ఇన్నేళ్ళుగా అడుగుతున్న ప్రశ్న అదే. మీ నాన్ననే అడుగు అన్నాను. ఆయన అప్పటికే బాల్కనీలో, పొద్దున నీళ్ళు పోసిన కుండీలకే మళ్ళీ నీళ్ళు పోస్తున్నాడు.

ఆ తర్వాత నాలుగు రోజులు అమ్మాయి నన్ను ఊరడించడానికి తన చదువంతా వాడింది. అలాంటి దీవుల మధ్యలో ఒకప్పుడు నిప్పుల కొండ ఉండేదట. అది మెల్లగా మునిగిపోతుంటే దాని ఒడ్డు పట్టుకుని బతికే పగడాల జీవులు పైకి పైకి కట్టుకుంటూ వచ్చాయట. కొండ పూర్తిగా మునిగిపోయాక కూడా అవి కట్టడం ఆపలేదట. మధ్యలో ఏమీ లేని ఆ వలయం అలా మిగిలిందట. వింటుంటే నాకు ఊరట కలగలేదు గానీ, ఆ పురుగుల మీద గౌరవం పుట్టింది. ఇసుక మాయమవదని, ఇక్కడ పోయింది ఇంకెక్కడో చేరుతుందని కూడా చెప్పింది. ఆ ఎక్కడో అన్న మాట నాకు కొత్త కాదు.

నిజం చెప్పాలంటే ఆ నాలుగు రోజులూ నేను ఆయన మీద మండిపోతూనే ఉన్నాను. నేల ఉన్నప్పుడు చెప్పలేదు, ఇప్పుడు నేలే లేదు. ఇంక ఆ రహస్యం దాచి ఎవరిని కాపాడుతున్నాడు? అడగాలనుకుని నోటిదాకా తెచ్చుకుని మింగాను. ఆయన కూడా ఏదో చెప్పబోయి నీళ్ళు నమలడం రెండుసార్లు గమనించాను.

ఏటా వేసవిలో ఒక ఆదివారం మేము ఫెర్రీ ఎక్కి ఇక్కడి దీవుల్లో ఏదో ఒకదానికి వెళ్ళొస్తాం. ఆ ఆదివారం నాకు మనసు లేకపోయినా పులిహోర కలిపాను, బయలుదేరాం. ఇక్కడి దీవులు నాకు దీవుల్లా అనిపించవు. కొండలు సముద్రంలో నడుముదాకా దిగి నిలబడ్డట్టుంటాయి, నల్లటి రాయి, మీద దేవదారు చెట్లు. అవి ఎక్కడికీ కదలవు. ఆ రోజు వాటి మీద కూడా అసూయ పుట్టింది.

డెక్ మీద గాలి జోరుగా ఉంది. నేను బెంచీ మీద టిఫిన్ క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తండ్రీ కూతుళ్ళు నాకు అడుగు దూరంలో కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. ఆయన చెయ్యి చాపి ఒడ్డున ఉన్న లైట్‌హౌస్ చూపించాడు. దాని వెనక కొండ మీద ఒక సెల్ టవర్ ఉంది. రెండూ దూరం దూరంగా ఉన్నాయి. ఓడ కదులుతున్నకొద్దీ దగ్గరకొచ్చాయి, ఒక దగ్గర ఒకదాని వెనక ఒకటి సరిగ్గా నిలబడ్డాయి, మళ్ళీ విడిపోయాయి.

"చూశావా? ఆ రెండూ కలిసిన క్షణం మనం ఒక గీత మీద ఉన్నట్టు. ఇలాంటి గీత ఇంకో వైపు నుంచి ఇంకొకటి దొరికితే, రెండూ ఎక్కడ కలుస్తాయో అదే నీ చోటు. సముద్రం మీద రాయి పెట్టలేం కదా. చేపలు పడే చోటుని వాళ్ళు అలాగే గుర్తుపెట్టుకుంటారు."

వాళ్ళంటే ఎవరు నాన్నా అని అడిగింది పిల్ల. మా పక్కింటి పెద్దాయన అన్నాడు. అని, నా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. గొంతు మాత్రం పెంచాడు.

"ఒక సంగతి చెప్తాను విను. నేను మీ అమ్మకి చెప్పటం లేదు, నీకు చెప్తున్నాను. మా అమ్మకిచ్చిన మాట అలాగే ఉంది."

పాము చావకూడదు, కర్ర విరగకూడదు. ఇరవై ఏళ్ళు ఆ మాట మింగి కూర్చున్న మనిషి కనిపెట్టిన ఉపాయం ఇదీ. నాకు ముందు నవ్వొచ్చింది, వెంటనే వీపు మీద నాలుగు బాదాలనిపించింది. ఈ మాత్రానికి ఇన్నేళ్ళా? తర్వాత తట్టింది, ఇన్నేళ్ళూ చెప్పడానికి మరో మనిషి ఎవరున్నారు? ఒట్టు బిడ్డ తల్లికి చెప్పకూడదని. చెప్పదగ్గ మనిషి ఉయ్యాలలో ఊగుతూ ఉంది, బడికి పోతూ ఉంది, ఎదుగుతూ ఉంది. ఆయన కాచుకుని ఉన్నాడు.

ఆ రోజు వానలో గుంట పూడ్చాక ఏ చెట్టు కిందో గుర్తుపెట్టుకోబోతే పెద్దాయన వద్దన్నాడట. చెట్టు పడిపోతుంది, ఇసుక జరిగిపోతుంది, తలెత్తి దూరంగా చూడమన్నాడట. ఈయన చూశాడు. మా దీవి మీద తను రోజూ ఎక్కి దిగే టెలిఫోన్ టవర్, దానికి ముందు సరిగ్గా మసీదు మీనారు. అది ఒక గీత. ఇంకో వైపు, కట్ట మీద ఎప్పుడో చిక్కుకుపోయి తుప్పు పట్టిన పాత ఓడ, దాని ముక్కుకు ఆనుకుని పడవలకు దారి చూపే స్తంభం. అది రెండో గీత. వాన తెర తెరలుగా పడుతుంటే ఒక్కొక్కటీ కనబడేదాకా ఆగి చూశాడట. పెద్దాయన తొందర పెట్టలేదట.

"మర్చిపోతానేమోనని రోజూ పడుకునే ముందు ఒకసారి అనుకుంటాను" అన్నాడు. "టవరు, మీనారు. ఓడ, స్తంభం."

పక్క మీద పడుకుని పైకప్పు చూస్తూ ఆయన పెదాలు కదపడం నాకు ఈ ఇరవై ఏళ్ళుగా తెలుసు. ఏదో స్తోత్రం చదువుకుంటున్నాడనుకునేదాన్ని. భక్తి బాగా ఎక్కువైందని ఎగతాళి కూడా చేశాను. ఇప్పుడు క్యారియర్ మీద నా కన్నీళ్ళు పడుతుంటే మా అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. ఆయన మాత్రం ఇటు తిరగలేదు. నాకు ఏమీ చెప్పని మనిషి నన్నెలా ఊరడిస్తాడు?

దీవిలో దిగి, రాళ్ళ ఒడ్డున పిక్నిక్ బల్ల దగ్గర కూర్చున్నాం. పిల్ల ల్యాప్‌టాప్ సంచిలో తెచ్చుకుంది. తన దగ్గరున్న అన్నిటికంటే పాత చిత్రం తెరిచింది. ఆయన వేలు పెట్టి చూపించాడు. టవరు దొరికింది, మీనారు దాని నీడతో దొరికింది. కట్ట మీద ఓడ చిన్న నల్ల గీతలా ఉంది. స్తంభం దొరకడానికి ఆలస్యమైంది. ఒక గీత గీసింది. ఇంకొకటి గీసింది. రెండూ చిన్న దీవి లోపలి ఒడ్డున, పచ్చకు కొంచెం ఇవతల కలిశాయి. ఇన్నేళ్ళూ నేను చెట్ల కింద వెతికాను. చెట్ల కింద కాదు, నీళ్ళకు దగ్గరగా, మా ఇంటి వైపు ఒడ్డున. అక్కడి నుంచి చూస్తే టవర్ పక్కన మా క్వార్టర్స్ కప్పు కనబడుతుంది. ఆయన ఆ చోటు ఎందుకు ఎంచాడో ఎవరూ నాకు చెప్పనక్కర్లేదు.

అవే గీతలను కొత్త చిత్రం మీదికి మార్చింది. ఇప్పుడు అవి కలిసింది నీళ్ళలో. చుట్టూ ఒడ్డంటూ లేదు. కానీ ఆ నీళ్ళ రంగు బాగా లేతగా ఉంది, నేను పడవలోంచి చూసిన రంగు. ఇసుక మొత్తం పోలేదని, పరుచుకుందని, మిగిలింది కట్ట లోపలి నుంచి మెల్లగా మా దీవి వైపు జరుగుతున్నట్టుందని పిల్ల చెప్పింది. ఖాయంగా చెప్పలేను అని కూడా అంది. ఖాయంగా చెప్పమని నేను అడగలేదు. నాకు కావలసింది ఒక్కటే.

"ఎంత లోతుంటుంది?" అన్నాను, పిల్లనే చూస్తూ.

రంగును బట్టి అంచనా వేయవచ్చట, దానికో పద్ధతి ఉందట, చూసి చెబుతానంటూ అది ఏవేవో తెరుస్తోంది. ఆటు వేళ, నీళ్ళు తగ్గినప్పుడు, మీటరు కన్నా తక్కువ అనుకుంటాను అని ఇంగ్లీషులో గొణిగింది. నాకు మీటర్లు తెలుసు, అయినా ఆ క్షణంలో ఎంతో తట్టలేదు. నా మొహం అలాగే ఖాళీగా ఉండి ఉంటుంది. అప్పుడు మా ఆయన బల్ల అవతలి నుంచి లేచి వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"మోకాలి లోతు" అన్నాడు నాతో. "నిలబడొచ్చు. నేను పట్టుకుంటాను."

మాట తప్పాడు. తప్పానని ఆయనకు తెలిసిందో లేదో నేను అడగలేదు. చెప్పులు విప్పి, ప్యాంటు అంచులు పైకి మడిచి, ఎదురుగా ఉన్న రాళ్ళ మీదుగా కిందికి నడిచాను. ఇది వేరే సముద్రం, వేసవిలో కూడా ఐసు నీళ్ళే. మోకాళ్ళు మునిగేదాకా దిగాను. ఆయన బూట్లతోనే వచ్చి పట్టుకున్నాడు.